ప్రార్థన చేస్తున్నా ఇంట్లో కోపం ఎందుకు తగ్గడం లేదు?

మీ ప్రశ్న నెమ్మదిగా చదివాను, బ్రదర్. నాకు అర్థమైనంత వరకు విషయం ఇది. పెళ్లయి చాలా ఏళ్లయింది, ఇద్దరు పిల్లలు. రోజూ ఉదయం వాక్యం చదువుతారు, ప్రార్థన చేస్తారు. సంఘంలో మిమ్మల్ని అందరూ నెమ్మదైన మనిషి అంటారు. ఇంట్లో మాత్రం చిన్న విషయానికే గొంతు లేస్తుంది. ఈ మధ్య చేతిలో ఉన్న ఫోన్‌ని గోడకేసి కొట్టారు. తర్వాత గది తలుపు వేసుకుని మోకరించి ఏడ్చారు. మీ భార్య “దేవుడు క్షమించాడేమో, నాకు ఇంకా టైమ్ పడుతుంది” అన్నారు, ఆ రోజు నుంచి కుటుంబ ప్రార్థనకు రావడం లేదు. మీ గొంతు పెరగగానే పెద్దమ్మాయి లేచి వేరే గదిలోకి వెళ్లిపోతోంది. కోపం పాపమా, నా విశ్వాసంలో లోపం ఉందా, ఇది దురాత్మ పనా, ఉపవాస ప్రార్థన పెట్టుకుంటే పోతుందా అని అడిగారు.

సూటిగా చెబుతాను. కోపం రావడం పాపం కాదు. మీకు విశ్వాసం లేదనడానికి అది రుజువూ కాదు. కానీ ఆ కోపంలో మీరు అన్న మాటలకు, విసిరిన వస్తువుకు బాధ్యత పూర్తిగా మీదే. దాన్ని దురాత్మ మీదికో, అలసట మీదికో, భార్య అన్న మాట మీదికో నెట్టకండి. ఇక ప్రార్థన ఎందుకు పనిచేయడం లేదంటే, మీరు రాసినదాన్ని బట్టి నాకు కనిపిస్తున్నది ఒకటే: మీరు దేవుని దగ్గర ఒప్పుకుంటున్నారు, గాయపడిన మనిషి దగ్గర ఒప్పుకోవడం లేదు. గదిలో ఏడ్చాక మీ మనసు తేలికపడుతోంది. గది బయట ఉన్నవాళ్ల మనసు అలాగే బరువుగా ఉంటోంది. మీకు ఉపశమనం దొరికింది కాబట్టి మారాల్సిన అవసరం కూడా ఆ మేరకు తగ్గిపోతోంది. మళ్లీ మళ్లీ అదే జరగడానికి ముఖ్య కారణం ఇదేనని నా అభిప్రాయం.

నేను చాలా ఏళ్లుగా సంఘాల్లో భార్యాభర్తలతో, తల్లిదండ్రులతో కూర్చుని మాట్లాడే పని చేస్తున్నాను. ఇక్కడ రాసేది ఆ అనుభవంతోనే. నేను చెప్పే సంగతుల్లో మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ముందు మీ మొదటి ప్రశ్న. ఎఫెసీ పత్రిక 4:26లో “కోపపడుడి గాని పాపము చేయకుడి” అని ఉంది. కోపం వేరు, పాపం వేరు అని అపొస్తలుడైన పౌలే విడదీశాడు. మార్కు 3:5లో యేసుప్రభువు కోపంతో చుట్టూ చూశాడని రాసి ఉంది. చెయ్యి ఎండిపోయిన మనిషి బాగుపడటం కన్నా తమ నియమాలే ముఖ్యమనుకున్న వాళ్ల హృదయ కాఠిన్యానికి ఆయన దుఃఖపడ్డాడు, కోపించాడు. మార్కు 10లో పిల్లల్ని తన దగ్గరకు రానీయని శిష్యుల మీద కోపపడ్డాడు. అయితే ఆయన కోపం ఎప్పుడు, ఎవరి కోసం వచ్చిందో గమనించండి. బలహీనులను అడ్డుకున్నప్పుడు వచ్చింది. తనను దూషించినప్పుడు మాత్రం ఆయన బదులు దూషించలేదని 1 పేతురు 2:23 చెబుతుంది. మన దగ్గర ఇది తిరగబడి ఉంటుంది. పక్కవాడికి అన్యాయం జరిగితే ఊరుకుంటాం, మన మాటకు ఎదురు చెబితే మండిపడతాం. అందుకే “నాది నీతి కోపం” అని ఎవరైనా అంటే నేను ఒకటే అడుగుతాను: ఆ కోపం ఎవరిని కాపాడింది? ఇంట్లో గొడవల విషయంలో ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెబితే “నా గౌరవాన్ని” అనే ఎక్కువసార్లు వస్తుంది.

దురాత్మ సంగతి. మీరే రాశారు, గొడవ మధ్యలో పాస్టర్ గారి నుంచి ఫోన్ వస్తే “ప్రైజ్ ద లార్డ్ అయ్యగారూ” అని మామూలు గొంతుతో మాట్లాడగలిగానని. ఆ ఒక్క వాక్యంలోనే మీ ప్రశ్నకు జవాబు ఉంది. ఆ క్షణంలో గొంతు దించగలిగారంటే దించే శక్తి మీలో ఉంది. బయటివాళ్ల ముందు దాన్ని వాడుతున్నారు, ఇంట్లోవాళ్ల ముందు వాడటం లేదు. ఇది మిమ్మల్ని సిగ్గుపరచాలని అనడం లేదు, ఇందులో నిజంగా మంచి వార్త ఉంది కాబట్టి అంటున్నాను. గలతీ 5లో పౌలు క్రోధాన్ని శరీరకార్యాల జాబితాలో పెట్టాడు. కొలస్సీ 3:8లో కోపాన్ని, ఆగ్రహాన్ని విసర్జించమని విశ్వాసులకే చెప్పాడు. విసర్జించాల్సింది మనమే. కోప దయ్యాన్ని వెళ్లగొట్టమని ఎవరి దగ్గరికో వెళ్లి, ఆ రోజు తేలికపడి, వారానికి మళ్లీ అరిచినవాళ్లను నేను చూశాను. ప్రతిసారీ వాళ్ల నిరాశ పెరుగుతుంది, ఇంట్లోవాళ్ల నమ్మకం తరుగుతుంది.

మరి ఇంట్లోనే ఎందుకు? బయట కోప్పడితే నష్టం ఉంటుంది. ఉద్యోగం పోవచ్చు, పేరు పోవచ్చు. ఇంట్లోవాళ్లు ఎక్కడికీ పోరన్న ధీమా ఉంటుంది. ఇంకో కారణం కూడా ఉంది, దీని గురించి సంఘాల్లో తక్కువ మాట్లాడుకుంటాం. అరిస్తే పని జరుగుతుంది. పిల్లలు వెంటనే లేస్తారు, భార్య మాట ఆపేస్తుంది, ఇల్లు నిశ్శబ్దమవుతుంది. ఆ ఫలితమే మనకు అలవాటు నేర్పుతుంది.

సంఖ్యాకాండము 20వ అధ్యాయం ఈ కోణంలో చదివి చూడండి. నీళ్లు లేవని జనం గొడవ చేస్తున్నారు. బండతో మాట్లాడమని దేవుడు మోషేకు చెప్పాడు. మోషే జనాన్ని “ద్రోహులారా” అని, కర్రతో బండను రెండుసార్లు కొట్టాడు. నీళ్లు రాలేదా అంటే, సమృద్ధిగా వచ్చాయి. జనం తాగారు, పశువులూ తాగాయి. పైకి చూస్తే కోపం పనిచేసింది. కానీ ఆ పనివల్లే మోషే వాగ్దాన దేశంలో అడుగు పెట్టలేకపోయాడు. భూమి మీద ఉన్నవాళ్లందరిలోకీ మిక్కిలి సాత్వికుడని అదే గ్రంథం 12వ అధ్యాయంలో అతని గురించే చెప్పింది. “నేను కోప్పడితేనే పిల్లలు చదువుతారండీ” అనే తండ్రులకు నేను ఈ అధ్యాయమే చదివిస్తాను. నిజమే, ఇవాళ పుస్తకం తెరుస్తారు. రేపు మీ ఒడిలోకి వస్తారా? మీ పెద్దమ్మాయి లేచి వేరే గదిలోకి వెళ్లడం ఆ ప్రశ్నకు ఇప్పటికే వస్తున్న జవాబు. “తండ్రులారా, మీ పిల్లల మనస్సు క్రుంగకుండునట్లు వారికి కోపము పుట్టింపకుడి” అని కొలస్సీ 3:21. అక్కడ పౌలు చెప్పిన ప్రమాదం పిల్లలు చెడిపోతారని కాదు, వాళ్ల మనసు కుంగిపోతుందని. కుంగిన పిల్ల చాలాసార్లు బయటికి చాలా బుద్ధిమంతురాలిగా కనిపిస్తుంది. అదే తల్లిదండ్రులను మోసం చేస్తుంది.

ఇప్పుడు ఏం చేయాలి అన్నదానికి వస్తాను. అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడుతుందని నేను గమనించింది ఆదికాండము 4వ అధ్యాయంలోని ఒక ప్రశ్న. కయీను ఇంకా తమ్ముడి మీద చెయ్యి ఎత్తలేదు. ముఖం మాత్రం చిన్నబోయింది. దేవుడు అతన్ని గద్దించలేదు, శపించలేదు. “నీకు కోపమేల?” అని అడిగాడు. పాపం వాకిట పొంచి ఉందని, నీవు దాన్ని ఏలాలని హెచ్చరించాడు. కయీను జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్నకు జవాబు ఇవ్వకుండానే పొలంలోకి నడిచాడు. యోనా గ్రంథం 4వ అధ్యాయంలోనూ దేవుడు ఇలాగే అడిగాడు, యోనా కనీసం తన విసుగంతా దేవుని ముందే కక్కేశాడు. నా దృష్టిలో కోపం గురించి చేసే ప్రార్థన ఇక్కడ మొదలవ్వాలి. “ప్రభువా, నా కోపం తీసేయి” అనేది మంచి ప్రార్థనే, కానీ అది చాలా తొందరగా ముగిసిపోతుంది. “ప్రభువా, నాకు ఎందుకు కోపం వచ్చింది?” అని అడిగి, జవాబు దొరికేదాకా కూర్చోండి. కాగితం మీద రాస్తే ఇంకా మంచిది.

రాయడం మొదలుపెట్టిన చాలామందికి మొదటి జవాబు ఎదుటి మనిషి పేరే వస్తుంది. ఆమె అలా అన్నందుకు, వాడు మాట విననందుకు. అక్కడ ఆగకండి. అది విన్నప్పుడు నాకు ఏం భయం వేసింది, ఎక్కడ చిన్నతనం అనిపించింది అని ఇంకో అడుగు లోపలికి వెళ్లండి.

ఒక తండ్రి కొడుకు మార్కుల గురించి ప్రతి పరీక్షకూ ఇల్లు దద్దరిల్లేలా అరిచేవాడు. ఈ ప్రశ్నతో కొన్ని వారాలు కూర్చున్నాక చివరికి చెప్పింది వేరు. తను చదువు మధ్యలో ఆపేయాల్సి వచ్చింది, బంధువుల ముందు తలదించుకుని బతికాడు, కొడుక్కి కూడా అదే రాత వస్తుందేమోనని వణుకు. ఆ వణుకు కొడుక్కి ఎప్పుడూ కనపడలేదు, అరుపు మాత్రమే వినపడింది. ఒకరోజు ఆ భయాన్ని ఉన్నదున్నట్టు కొడుకుతో చెప్పాడు. మార్కులు అమాంతం పెరగలేదు కానీ, మార్కులు తగ్గినప్పుడు దాచిపెట్టడం మానేశాడు ఆ పిల్లాడు. నా లెక్కలో అది చాలా పెద్ద మార్పు.

ఇంకొక సోదరి సంగతి. భక్తిగల మనిషి, రోజంతా నెమ్మదిగానే ఉంటుంది, సాయంత్రం ఒక వేళ వచ్చేసరికి పిల్లల మీద విరుచుకుపడుతుంది. తన ఆత్మీయ జీవితం పడిపోయిందని ఏడ్చేది. ఎప్పుడెప్పుడు కోపం వచ్చిందో టైమ్ రాసుకోమన్నాను. దాదాపు ప్రతిసారీ ఆఫీసు నుంచి వచ్చిన మొదటి అరగంటలోనే. మధ్యాహ్నం సరిగా తినదు, రాత్రి నిద్ర చాలదు. 1 రాజులు 19లో ఏలీయా ఇక చచ్చిపోతే బాగుండునని బదరీవృక్షం కింద పడుకుంటే దేవదూత చేసిన మొదటి పని ప్రసంగం కాదు, అన్నం పెట్టి, నిద్రపోనిచ్చి, మళ్లీ లేపి అన్నం పెట్టడం. ఆ తర్వాతే దేవుడు అతనితో మాట్లాడాడు. ఆ సోదరికి నేను చెప్పింది కూడా అదే: ఇంటికి రాగానే ముందు ఏదైనా తిని, కాసేపు ఒంటరిగా కూర్చుని, తర్వాతే పిల్లల పనుల్లోకి దిగమని. ఆ అరగంట ఇవ్వడానికి ఆమె భర్త ఒప్పుకున్నాడు. అతను ఒప్పుకోకపోతే ఈ సలహా కాగితం మీదే ఉండిపోయేది.

అన్ని కోపాలకూ ఇంత తేలికైన కారణం ఉండదు. కొందరికి చిన్నప్పుడు తండ్రి చేతిలో తిన్న దెబ్బలదాకా వెళ్తుంది. అక్కడికి చేరితే ఒంటరిగా తవ్వుకోకండి, తోడు ఉండే మనిషిని వెతుక్కోండి.

కోపం మీద ఉన్న ఆ నిమిషంలో ఏం చేయాలో కూడా చెప్పాలి. ఆ సమయంలో పెద్ద ప్రార్థన చేయగలనని అనుకోవద్దు. ఒంట్లో అడ్రినలిన్ పెరిగి, గుండె వేగంగా కొట్టుకుంటుంటే మెదడు వాదనను వినే స్థితిలో ఉండదు. దంపతుల గొడవలను ఎన్నో ఏళ్లు గమనించిన పరిశోధకుడు జాన్ గాట్‌మన్, గుండె నిమిషానికి 100 సార్లు దాటి కొట్టుకునే స్థితిలో సంభాషణ ఆపేసి కనీసం 20 నిమిషాలు విరామం తీసుకోవాలని చెబుతాడు. ఒళ్లు చల్లబడటానికి అంత సేపు పడుతుంది. యాకోబు 1:19 “వినుటకు వేగిరపడువాడును, మాటలాడుటకు నిదానించువాడును, కోపించుటకు నిదానించువాడునై యుండవలెను” అంటుంది. ఆ నిదానానికి మీ శరీరం అడిగే సమయం ఇదన్నమాట.

విరామం తీసుకునేటప్పుడు చెప్పి వెళ్లండి, చెప్పిన టైమ్‌కి తిరిగి రండి. “నాకు కోపం ఎక్కువైంది, ఇప్పుడు మాట్లాడితే తప్పు మాటలు వస్తాయి, అరగంటలో వస్తాను” అనండి. ఏమీ చెప్పకుండా తలుపు విసిరికొట్టి వెళ్తే అది ఇంకో దెబ్బ. తిరిగి రాకుండా మూడు రోజులు మాట్లాడకపోతే అది శిక్ష. అరవని మనుషులు చాలామంది ఈ రెండో దారిలో కోపం తీర్చుకుంటారు, పైగా తాము శాంతపరులమనే అనుకుంటారు. మౌనంతో నలిగిపోయిన భార్యలు, భర్తలు నా దగ్గరికి వచ్చి కార్చిన కన్నీళ్లు అరుపులకు కార్చినవాటి కన్నా తక్కువేమీ కాదు.

ఆ అరగంటలో ఏం చేయాలి? నడవండి, నీళ్లు తాగండి, నెమ్మదిగా ఊపిరి తీసుకోండి. దిండును గుద్దితే కోపం దిగిపోతుందన్న మాట నమ్మకండి. 2002లో బ్రాడ్ బుష్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ప్రచురించిన ప్రయోగంలో, కోపం తెప్పించిన మనిషిని తలచుకుంటూ గుద్దుల సంచిని కొట్టినవాళ్లకు కోపం ఇంకా పెరిగింది. ఊరకే కూర్చున్నవాళ్లు వాళ్లకన్నా నయం. మనసులో ఆ గొడవనే తిప్పితిప్పి చూసుకుంటూ నడిచినా ఇదే జరుగుతుంది. అందుకే నోటికి ఒక చిన్న ప్రార్థన అలవాటు చేయమంటాను. కీర్తన 141:3 సరిపోతుంది: “యెహోవా, నా నోటికి కావలియుంచుము, నా పెదవుల ద్వారమునకు కాపు పెట్టుము.” కోపం లేనప్పుడే రోజూ ఉదయం చెప్పుకుంటూ ఉంటే కోపం వచ్చినప్పుడు అది నోటికి దొరుకుతుంది. అంతకుముందు పలకని వాక్యం ఆ నిమిషంలో గుర్తుకు రావడం కష్టం.

ఒక హెచ్చరిక. వాక్యం మీ నోటికి కాపలా పెట్టుకోవడానికి, ఎదుటివాళ్ల నోరు మూయించడానికి కాదు. గొడవ మధ్యలో “భార్యలు లోబడాలని రాసి లేదా” అనే భర్తను, “నువ్వు క్రైస్తవుడివేనా” అనే భార్యను నేను అక్కడికక్కడే ఆపుతాను. ఎఫెసీ 5లో భార్యలకు చెప్పిన మాటకు ముందే 21వ వచనంలో ఒకరికొకరు లోబడమని ఉంది. 25వ వచనంలో భర్త ప్రేమకు కొలత సంఘం కోసం తన్ను తాను అప్పగించుకున్న క్రీస్తు. మీకు రాసిన వచనం మీరు చదవండి, ఆమెకు రాసినది ఆమె చదువుకుంటుంది.

ఇంకొకటి, “సూర్యుడస్తమించువరకు మీ కోపము నిలిచియుండకూడదు” అన్న మాటను పట్టుకుని అర్ధరాత్రి దాకా వాదించుకునే దంపతులు ఉన్నారు. ఇద్దరూ అలసిపోయి, ఉదయం అనని మాటలు కూడా అనుకుంటారు. ఆ వచనం కోపాన్ని దాచుకుని పెంచుకోవద్దంటుంది, అపవాదికి చోటివ్వొద్దంటుంది. నిద్ర మానేసి తీర్పు తేల్చుకోమని చెప్పడం లేదు. “నీ మీద పగ పెట్టుకోను, ఇది రేపు మాట్లాడుకుందాం” అని మనస్ఫూర్తిగా చెప్పి పడుకోవడం ఆ వచనానికి లోబడటమే. కాకపోతే రేపు నిజంగా మాట్లాడాలి.

ఇప్పుడు మీరు ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సిన చోటు, గొడవ తర్వాత. మత్తయి 5:23, 24లో ప్రభువు చెప్పిన క్రమం చూడండి. బలిపీఠం దగ్గర అర్పణ పెడుతుండగా నీ మీద నీ సహోదరునికి విరోధం ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే విడిచిపెట్టు, మొదట వెళ్లి సమాధానపడు, తర్వాత వచ్చి అర్పించు. మీరు మోకరించింది సరైన పనే, కానీ ఆ మోకాళ్ల మీద ఉండగానే మీ భార్య ముఖం గుర్తొచ్చి ఉంటుంది కదా. అప్పుడు లేచి ఆమె దగ్గరికి వెళ్లడం కూడా ఆరాధనలో భాగమే.

ఎలా ఒప్పుకోవాలో చాలామందికి తెలియదు. “సారీ, కానీ నువ్వు కూడా…” అన్నది ఒప్పుకోలు కాదు, రెండో విడత గొడవ. “నా వల్ల నీకు ఏమైనా బాధ కలిగి ఉంటే” అన్నదీ అంతే, బాధ కలిగిందో లేదో తెలియనట్టు మాట్లాడటం అది. చేసిన పని పేరు పెట్టి చెప్పండి. “పిల్లల ముందు నిన్ను తెలివితక్కువదానివన్నాను. ఫోన్ గోడకేసి కొట్టాను. నువ్వు భయపడ్డావు. అది పాపం, తప్పు నాదే. నన్ను క్షమించమని అడుగుతున్నాను, నువ్వు ఎంత టైమ్ తీసుకున్నా తొందరపెట్టను.” ఇంతే. ఆ తర్వాత ఆమె మాట్లాడితే వినండి, అడ్డురాకండి, వివరణ ఇవ్వకండి. ఆమె పాత సంగతులు తీస్తే అవీ వినండి. లూకా 19లో జక్కయ్య పశ్చాత్తాపం మాటతో ఆగలేదు, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. ఇంట్లో మీరు పోగొట్టినది భద్రత. దాన్ని తిరిగి ఇవ్వడానికి మాటలకన్నా రోజులు ఎక్కువ పడతాయి.

మీ భార్య “నాకు టైమ్ పడుతుంది” అనడం అవిశ్వాసం కాదు, కఠిన హృదయమూ కాదు. ఆమె నిజం చెప్పింది. “క్షమించకపోతే దేవుడు నిన్నూ క్షమించడు” అని మీరుగానీ, మీ తరఫున ఇంకెవరైనాగానీ ఆమెతో అనకండి. గాయం చేసిన మనిషి నోటి నుంచి ఆ వాక్యం వస్తే అది బెదిరింపే అవుతుంది.

మీ అమ్మాయి దగ్గర కూడా విడిగా ఒప్పుకోండి. తల్లిదండ్రులు పిల్లలను క్షమాపణ అడిగితే లోకువైపోతారని కొందరంటారు. నేను చూసినంతలో దానికి వ్యతిరేకంగానే జరుగుతుంది. తండ్రి తప్పు ఒప్పుకోగా చూసిన పిల్లలకు సంఘంలో వినే పశ్చాత్తాపం అనే మాటకు ఒక రూపం దొరుకుతుంది. ఆ పాప ఏమీ అనకుండా తల ఊపి వెళ్లిపోవచ్చు. వెళ్లనివ్వండి. వెంటనే దగ్గరకు తీసుకోవాలని, నవ్వించాలని ప్రయత్నించకండి.

ఉపవాసం గురించి అడిగారు. ఉపవాసానికి నేను వ్యతిరేకిని కాదు, నేనూ ఉంటాను. కానీ ఆకలితో కోపం పెరిగే మనిషి ఉపవాసముండి ఇంట్లోవాళ్ల మీద విసుక్కుంటే ఆ రోజు అందరికీ శిక్షే. యెషయా 58:4లో కలహాలు, వివాదాలు పెట్టుకుంటూ చేసే ఉపవాసాన్ని దేవుడు తిరస్కరించాడు. ప్రస్తుతానికి మీరు మొదలుపెట్టాల్సింది అది కాదు. ముందు సమాధానపడండి.

ఇక్కడ గట్టిగా చెప్పాల్సినది ఒకటుంది, మీకూ, ఇది చదువుతున్న ఇంకెవరికైనా. చెయ్యి లేస్తే, వస్తువులు విసిరి భయపెడితే, అది ఇక కోపాన్ని అదుపు చేసుకునే సమస్య మాత్రమే కాదు, హింస. గోడకు తగిలిన ఫోన్ మీ భార్యకు చెప్పిన మాట, రేపు అది నీకూ తగలొచ్చు అని. మీరు ఆ ఉద్దేశంతో చేయకపోవచ్చు, ఆమెకు మాత్రం అలాగే వినబడింది. అలాంటిది ఇంకొక్కసారి జరిగినా ఆలస్యం చేయకుండా ఈ విషయంలో శిక్షణ ఉన్న కౌన్సెలర్ దగ్గరికి వెళ్లండి, సంఘ పెద్దలకు మీ అంతట మీరే చెప్పండి. దెబ్బలు తింటున్న సోదరి ఎవరైనా ఇది చదువుతుంటే, అమ్మా, ముందు మీరు, పిల్లలు సురక్షితమైన చోటుకు చేరండి, పోలీసుల సహాయం అడగడానికి వెనకాడకండి. క్షమించడం అంటే ఆ ఇంట్లోకే తిరిగి వెళ్లి ఉండటం అని అర్థం కాదు. “ప్రార్థన చేసుకో, సర్దుకుపో” అని వెనక్కి పంపే కాపరి మందను కాయడం లేదు.

ఈ సందర్భంలో పూర్వకాలపు క్రైస్తవ వేదాంతి అగస్టీను తల్లి మోనికా కథ తరచుగా చెబుతుంటారు. ఆమె భర్త పత్రీకియుస్ ముక్కోపి. అతను కోపంలో ఉన్నప్పుడు ఎదురు చెప్పకుండా, చల్లబడ్డాక తన వైపు సంగతి వివరించేదని అగస్టీను రాశాడు. మాట్లాడే వేళను ఎంచుకోవడంలో ఆమెది నిజంగా వివేకం. 1 సమూయేలు 25లో అబీగయీలు కూడా తన భర్త నాబాలు తాగి ఉన్న రాత్రి నోరు విప్పలేదు, తెల్లారాకే చెప్పింది. కానీ ఈ కథలను కొట్టించుకుంటూ ఊరుకోమనే పాఠంగా వాడటం అన్యాయం. అదే అధ్యాయంలో కోపంతో 400 మందిని వెంటబెట్టుకుని వస్తున్న దావీదుకు ఎదురెళ్లి ఆపింది కూడా అబీగయీలే. తనను ఆపినందుకు దావీదు ఆమెకు కృతజ్ఞత చెప్పాడు. భర్తలకు నేను చూపించేది ఈ భాగం. భార్య “ఆగండి” అన్నప్పుడు ఆమె మీ అధికారాన్ని ధిక్కరిస్తోందని అనుకోకండి, మిమ్మల్ని రక్తపాతం నుంచి ఆపిన మనిషి అనుకోండి.

డాక్టర్ విషయం త్వరగా చెబుతాను. డిప్రెషన్ చాలామంది మగవాళ్లలో ఏడుపులా కాకుండా చిరాకులా బయటపడుతుంది. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా, నిద్ర సరిగా లేకపోయినా, మద్యం అలవాటున్నా కోపం పెరుగుతుంది. ఈ మధ్యే ఇలా మారారనిపిస్తే పరీక్షలు చేయించుకోండి. వైద్యుడి దగ్గరికి వెళ్లడం విశ్వాసం తక్కువై కాదు. పౌలు వెంట ఉన్న లూకా వైద్యుడే, కొలస్సీ 4:14లో పౌలే అతన్ని ప్రియుడైన వైద్యుడని రాశాడు.

ఎంతకాలం పడుతుంది? గలతీ 5లో దీర్ఘశాంతాన్ని, ఆశానిగ్రహాన్ని ఆత్మఫలమన్నారు. ఫలం నాటిన రోజే కోతకు రాదు. మళ్లీ ఒకసారి గొంతు లేస్తుంది, అప్పుడు “నేనింక మారను” అని వదిలేయకండి. కోపం వచ్చిందా లేదా అని లెక్కపెట్టకండి. వచ్చాక ఎంత త్వరగా ఆగారు, ఎంత త్వరగా ఒప్పుకున్నారు, ఇంట్లోవాళ్లు మీతో విభేదించడానికి భయపడుతున్నారా అన్నవి చూడండి. మారారో లేదో తేల్చే హక్కు మీది కాదు, వాళ్లది. సంఘంలో నమ్మకమైన ఒక పెద్దను ఎంచుకుని, వారానికోసారి మిమ్మల్ని అడగమని చెప్పండి. మీ భార్యకు ఇష్టమైతే ఆయన ఆమెను కూడా నేరుగా అడిగే వీలుండాలి, లేకపోతే మీరు చెప్పిందే ఆయనకు నిజమవుతుంది.

చివరగా కుటుంబ ప్రార్థన. ఆమెను రమ్మని ఒత్తిడి చేయకండి, పిల్లలతో కబురు పంపకండి, రానందుకు ప్రార్థనలో పేరు పెట్టి పరోక్షంగా మందలించకండి. భార్యను గౌరవించకపోతే భర్త ప్రార్థనలకే అభ్యంతరం కలుగుతుందని 1 పేతురు 3:7 చెబుతోంది, కాబట్టి ఈ విషయంలో ముందు సరిచేసుకోవాల్సింది మీ వైపే. మీరు రోజూ అదే వేళకు కూర్చోండి, పిల్లల్లో వచ్చినవాళ్లను కూర్చోబెట్టుకోండి, చిన్నగా ముగించండి. ఆమె మళ్లీ వచ్చిన రోజున దాన్ని సాక్ష్యంగా సంఘంలో చెప్పకండి. చెప్పాలనుకుంటే అది ఆమె చెప్పాల్సిన మాట. ఈ వారంలో ఆమెతో, అమ్మాయితో మాట్లాడాక ఎలా జరిగిందో ఇక్కడే రాయండి, చదివి జవాబిస్తాను.